పట్టని మందు

చెన్నై నగరంలో ఒక ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు. పొద్దున పూట. కక్కసుకు వెళ్ళి వచ్చిన జనని మంచం మీద ఒరిగింది. తల్లి కనకవల్లి పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

"మళ్ళా రక్తమేనా?"

"ఊఁ."

"చూసినావా, చూడకుండానే ఊఁ అంటావా?"

"ఏముండాదమ్మా చూసేదానికి. ఉత్త రక్తమే. వేరేదేమీ రాలేదు."

"నర్సమ్మ అడిగితే ఏం చెప్పేది?"

"నేనే చెప్తాను, నువ్వు చెప్పొద్దు. నిన్న నువ్వు 'కొంచెం తగ్గినట్టుండాది' అని చెప్పినావు. ఆయమ్మ అట్టే రాసుకునింది."

"తగ్గినట్టే ఉండె గదా, సాయంత్రం."

"ఇంజక్షన్‌కి మత్తుగా పడుకుంటిని, అందుకని పోలేదు. తగ్గడం కాదు అది."

"సరి, సరి. గమ్మున పడుకో. కాళ్ళు చల్లంగా ఉండాయే. దుప్పటి కప్పేదా?"

"వద్దు. మళ్ళా లేవాల్సి వస్తే కాళ్ళకి చుట్టుకుంటాది."

"ఇప్పుడే గదా పోయొచ్చినావు."

"అమ్మా."

"లేదు, ఏమీ అనలేదు. చుమ్మా, ఊరికే అన్నాను. పక్కింటి మునియక్క ఫోన్ చేసింది పొద్దున. నీకు ఎట్టుండాదని అడిగింది."

"నేను లేను గదా, కక్కసు ఖాళీగా ఉంటాది. సుఖంగా ఉండాదేమో ఆమెకి."

"అట్ట అనొద్దు పాపా. మంచిది ఆయమ్మ."

"మంచిదే. తలుపు కొట్టేటప్పుడు కూడా మెల్లంగానే కొట్టేది."

"నాలుగు సంసారాలకి ఒకటే కక్కసు అయితే ఎవురైనా కొడతారు. వాళ్ళ పిల్లోళ్ళకి బడికి టైమయిపోతాది గదా. నేనే చెప్పేదాన్ని, ఇంకొంచెంసేపు ఓర్చుకో మునియక్కా, పాపకి బాగలేదు అని. ఒక మాట కూడా అనకుండా పిల్లోణ్ణి ఎనక్కి తీసుకుపోయేది."

"నువ్వు చెప్పేది లోపలికి వినపడేది. పాపకి బాగలేదు, పాపకి బాగలేదు. పొద్దున్నే నాలుగిళ్ళకీ తెలిసేట్టు."

"మరి ఏం చెప్పాల?"

"ఏమీ చెప్పకుండా ఉండాల."

"సరి. ఇంక చెప్పను. ... తల దువ్వేదా? చిక్కు పడిపోయి ఉండాది."

"వద్దు. దువ్వెన నిండా వస్తాది. నువ్వు దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తా కూర్చుంటావు."

"ఎంత జుట్టు ఉండె నీకు. అంతా ఆ మాత్ర వల్లే."

"ఏ మాత్ర?"

"ఏదో ఒకటి. అన్ని మాత్రల వల్లా. నాకేం తెలుసు."

"జుట్టు పోతే పోనీ. లోపల మానితే చాలు."

"మొదట్లోనే ఈడికి వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

"మొదట్లో నువ్వు మూలశంక అన్నావు."

"నేనొక్కదాన్నే అన్నానా? మన వీధి డాక్టరు కూడా అదే గదా అన్నాడు. చూడకుండానే చీటీ రాసిచ్చినాడు. కూర్చుని చేసే ఉద్యోగం, ఒంట్లో వేడి అన్నాడు."

"నువ్వు దానికి మందని తుత్తి ఆకు తెచ్చి నేతిలో వేయించి పెట్టినావు."

"తినినావు గదా."

"తినినాను. ఆ తర్వాత అమీబా అన్నారు. ఆ తర్వాత బయట తిండి అన్నారు. నేను యాడ తినినాను బయట? పని చేసే అంగట్లో అందరూ టీ తాగను పోతే నేను నీళ్ళు కూడా తాగకుండా కూర్చునేదాన్ని, తాగితే పోవాల్సి వస్తాదని. సంవత్సరం అట్టే పాయె."

"స్కోప్ పెట్టిన దినం నాకు ఇప్పటికీ కళ్ళ ముందరే ఉండాది. ఈడి డాక్టరు టీవీలో చూపించినాడే, లోపలంతా తోలు ఊడిన మోకాలు మాదిరి."

"ఆ దినం నువ్వు ఏమడిగినావో తెలుసా?"

"ఏమడిగినాను?"

"ఆయన అల్సరేటివ్ కొలైటిస్ అని కాయితం మీద రాసి, ఇది జీవితాంతం ఉంటాది, అదుపులో పెట్టుకోవచ్చు అన్నాడు. నువ్వు అంతా విని తలాడించినావు. బస్సు స్టాపుకి వచ్చినాక నన్ను అడిగినావు, జీవితాంతం అంటే ఎన్నాళ్ళు అని."

"తెలవక అడిగినాను."

"నాకూ తెలవదు గదా. అందుకే బస్సు వచ్చిందని చెప్పినాను."

"... మీ మేనేజరు ఫోన్ చేసినాడా?"

"మోహన్‌రాజ్ సార్ నిన్న చేసినాడు. బిల్లింగుకి వేరే పిల్లని పెట్టినారంట. బాగైనాక రా అన్నాడు."

"మంచోడే ఆయన."

"మంచోడే. బాగైనాక అంటే ఎప్పుడని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. పండగల టైములో పురసవాక్కం బజారంతా జనం, కౌంటరు ముందర వరస నిలబడి ఉంటే నేను బిల్లు నడుమ లేచి పరిగెత్తేదాన్ని. ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు ఎవరైనా."

"మళ్ళా మొహం చిట్లించుకుంటా ఉండావే. నొప్పా?"

"ఊఁ. చెయ్యి పట్టుకో. లేవాల."

"ఇదో, పట్టుకున్నాను. చెప్పులు వేసుకో. మెల్లంగా, మెల్లంగా."

రౌండ్లకు డాక్టర్ హైందవి వచ్చింది. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే చేరిన చిన్న వయసు డాక్టరు. తల్లీకూతుళ్ళతో ఆమె తెలుగులోనే మాట్లాడుతుంది.

"పొట్ట నొక్కుతాను జననీ. నొప్పి ఉన్నచోట చెప్పండి."

"ఆడ. ... ఆడ కూడా డాక్టర్."

"ఇక్కడ?"

"అంతా."

"నిన్నటికంటే ఉబ్బింది. ఎక్స్‌రేలో కూడా పెద్ద పేగు బాగా సాగినట్టు కనిపిస్తోంది. అమ్మా, మీరు కూడా ఇలా రండి, వినండి. ఇన్ని రోజులు నరానికి స్టిరాయిడ్ ఇచ్చాం, తగ్గుతుందేమోనని చూశాం. తగ్గలేదు. పెద్ద డాక్టర్లంతా పొద్దున కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంక ఆలస్యం మంచిది కాదంటున్నారు. రేపు ఉదయం ఆపరేషన్."

"ఏం ఆపరేషన్ డాక్టరమ్మా? పుండు కోసేస్తారా?"

"పుండు ఒక్కచోట లేదమ్మా. పెద్ద పేగు పొడుగునా ఉంది. పేగే తీసేస్తారు."

"ఎంత తీస్తారు?"

"దాదాపు మొత్తం."

"పేగు తీసేస్తే మనిషి ఎట్ట ఉంటాది?"

"ఉంటుందమ్మా. ఇది చేయించుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు. తీయకపోతేనే ప్రమాదం. పేగు చిల్లు పడితే కడుపంతా విషమవుతుంది. అప్పుడు మా చేతుల్లో ఏమీ ఉండదు."

"మళ్ళా బయటికి పొయ్యేది ఎట్ట? పేగు లేకపోతే..."

"చిన్న పేగు చివరని పొట్ట మీదికి తెచ్చి కుడతారు. అక్కడ ఒక సంచి అంటిస్తారు. మలం ఆ సంచిలోకి వస్తుంది. నిండితే తీసి శుభ్రం చేసుకోవాలి. ఎలాగో నర్సు నేర్పిస్తుంది."

"సంచా? పొట్ట మీదా?"

"అమ్మా, ఇట్ట చెయ్యాల్సి వస్తాదేమోనని నాకు నిన్ననే చెప్పినారు."

"నీకు చెప్పినారా? నాకు చెప్పలేదే నువ్వు."

"చెప్దామనే అనుకున్నాను. నువ్వు అప్పుడు ఇడ్లీ తింటా ఉండావు."

"ఇడ్లీ తింటే ... ఇడ్లీ తింటే ఏమి? ఇడ్లీ ముఖ్యమా నాకు? డాక్టరమ్మా, ఆ సంచి ఎన్నాళ్ళు?"

"కొన్ని నెలల తర్వాత లోపల్నుంచే దారి కలిపే ఇంకో ఆపరేషన్ ఉంది. అది అందరికీ కుదరదు. ఇప్పుడే మాట ఇవ్వలేనమ్మా. ముందు ఈ గండం గడవాలి."

"అది ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. మాత్రలే ఇంకొంచెం పెంచి చూడకూడదా?"

"చూశాం కదమ్మా. ఏడాదికి పైగా ఆ పసుపు మాత్ర వాడింది. దాని మీదే ఆశ పెట్టుకున్నాం. ఆ మందు ఆమెకు పట్టలేదు. కొంతమందికి పట్టదు, అది ఎవరి తప్పూ కాదు. జననీ, ఫైల్లో రాయాలి, అందుకని అడుగుతున్నాను. మధ్యలో ఎప్పుడైనా మానేశారా?"

"లేదు డాక్టర్."

"ఇంట్లో మాత్రలు అమ్మగారే పెడతారన్నారు కదా. అమ్మా, సరిగ్గా వేసుకునేదా?"

"నేనే డబ్బాలో పోసి పెడతాను డాక్టరమ్మా. పొద్దున బస్సుకి తొందరగా పోతాది గదా. నేను పెట్టినవన్నీ తినేది. ఒక్కటీ మిగిల్చేది కాదు."

"సరే. సాయంత్రం సర్జన్ గారు వచ్చి ఇంకోసారి చూస్తారు. నాన్నగారిని రమ్మనండి. జననీ, నోటితో ఏమీ తీసుకోవద్దు, పెదాలు తడుపుకోండి చాలు."

వార్డు బయట వరండాలో నర్సుల బల్ల దగ్గర డాక్టర్ హైందవి రాసుకుంటోంది. కనకవల్లి వెనకాలే వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. మీరు రాసుకోండి."

"పర్వాలేదు, చెప్పండి."

"చుమ్మా అడుగుతా ఉండాను. ఆ పసుపు మాత్ర ఉండాది గదా, అది తినకుండా ఉంటే ఏమైతాది?"

"ఎవరు తినకుండా?"

"ఎవరో ఒకరు. మా పక్కింట్లో ఒకామె ఉండాది, మునియక్క అని."

"ఆమెకీ ఇదే జబ్బా?"

"లేదు. ఆమెకి షుగరు."

"అమ్మా, జనని మాత్రలు తినలేదా?"

"తినింది. తినింది డాక్టరమ్మా. నేనే గదా పెట్టింది."

"చూడండి, తినకపోయి ఉంటే అది మాకు తెలియాలి. మందు పట్టకపోవడం వేరు, మందు లోపలికే పోకపోవడం వేరు. పోలేదంటే ఆ దారి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదని అర్థం."

"అంటే, లోపలికి పోకుండా ఉండి ఉంటే ... ఇప్పుడు పెడితే పేగు నిలుస్తాదా?"

"నేను అలా అనలేదమ్మా. ఇప్పుడున్న పరిస్థితిలో... ఒక్క నిమిషం, ఫోన్. హలో. ఆఁ, వస్తున్నా. ఎంత ఉంది బీపీ? వస్తున్నా, వచ్చేస్తున్నా. అమ్మా, కింద అర్జెంటుగా పిలుస్తున్నారు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే సాయంత్రం సర్జన్ గారికి చెప్పండి. దాచకండి."

"దాచేదేముండాది."

మెట్ల దగ్గర కనకవల్లి ఫోను తీసింది. అవతల ఉన్నది నగరం శివార్లలో, మనలిలో కాపురముంటున్న ఆమె చెల్లెలు పరిమళ.

"పరిమళా, రేపు పాపకి పేగు తీసేస్తారంట."

"పేగా? ఎంతక్కా?"

"పెద్దదంతా."

"దేవుడా. బావకి చెప్పినావా?"

"ఆయన ప్లాంటులో ఉండాడు, ఫోను బయటనే పెట్టెయ్యాల గదా. సాయంత్రం వస్తాడు. పరిమళా, ఆ మాత్ర ఆపితే ఏమీ కాదన్నావే నువ్వు."

"నేను యాడ అన్నాను? ఆకు మందిచ్చే ఆ పెద్దాయన అన్నాడు. ఇంగ్లీషు మాత్రా, ఆకు పొడీ కడుపులో పోట్లాడుకుంటాయి, ఏదో ఒకటే పెట్టాల అని. నేను నిన్ను ఆయన ఇంటికి తీసుకుపోయినాను, అంతే."

"ఫోన్లో చూపించింది ఎవరు? కిడ్నీ మార్చినోళ్ళకి ఇచ్చే మాత్ర, క్యాన్సర్ తెస్తాదని రాసుండాది చూడక్కా అని?"

"చూపించినాను. ఉండేదే గదా చూపించింది. ఆ మాత్రలు పారేసి, దాని బదులు ఇంకో పసుపు మాత్ర పెట్టమన్నానా? పాపకి తెలవకుండా చెయ్యమన్నానా? అది నీ తెలివి."

"అడిగితే అది వద్దనేది. దానికి డాక్టరు మాటే మాట."

"అందుకని?"

"అందుకని మార్చినాను. ఆరు నెలలు తినినా రక్తం నిలవలేదు, జుట్టు రాలిపాయె, తినిందంతా వాంతి. కళ్ళ ముందర బిడ్డ కరిగిపోతా ఉంటే నేనేం చెయ్యాల చెప్పు."

"సరి, ఏడవొద్దు. ఏడ్చి ఏం లాభం. నేను రేపు పొద్దున్నే వస్తాను."

"సాయంత్రం పెద్ద డాక్టరు వస్తాడంట. ఆయనకి చెప్పేస్తాను."

"ఏమని?"

"మందు పట్టలేదని అనుకుంటా ఉండారు వాళ్ళు. అసలు లోపలికి పోనేలేదు గదా. ఆ మాట తెలిస్తే ఆపరేషన్ ఆపుతారేమో."

"చెప్పొద్దక్కా."

"ఎందుకు?"

"ఆపకపోతే? మాట బయట పడతాది, పేగూ పోతాది. బావ ఊరుకుంటాడా? ఆయన్ని వదిలెయ్యి, జననికి తెలిస్తే? బతికినన్నాళ్ళు నీ చేతి నీళ్ళు కూడా తాగదు అది."

"తాగకపోతే పోనీ. పేగు ఉండనీ దానికి."

"అక్కా, నా మాట విను."

"పెట్టేస్తా ఉండాను. లిఫ్టు కాడ జనం వస్తా ఉండారు."

మధ్యాహ్నం దాటింది. వార్డులో మిగతావాళ్ళు భోజనాలు ముగించి పడుకున్నారు. కనకవల్లి వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"ఎవరితో మాట్లాడినావు అంతసేపు?"

"చిన్నమ్మతో. రేపు వస్తానని చెప్పింది. ... పాపా, నిద్రపోతా ఉండావా?"

"లేదు. చుమ్మా కళ్ళు మూసుకున్నాను."

"ఒక సంగతి చెప్పాల."

"నాయన ఎప్పుడు వస్తాడు?"

"షిఫ్టు కాంగానే నేరుగా ఈడికే. ఆయన రాకముందే చెప్పాల నీకు."

"అయితే వద్దు. వచ్చినాకనే చెప్పు."

"వినమ్మా."

"పెదాలు ఎండిపోతా ఉండాయి. దూది తడిపి ఇయ్యి."

"ఇదో. ... పోయిన ఆడి నెలలో, ఆషాఢంలో, నేనూ చిన్నమ్మా గుడికి పోయినామని చెప్పినాను గదా."

"ఊఁ."

"గుడికి కాదు. మనలిలో వాళ్ళ ఇంటి తట్టు ఒక పెద్దాయన ఉండాడు, ఆకు పొడి ఇస్తాడు. ఆయన కాడికి."

"ఊఁ."

"పొద్దున మజ్జిగలో కలిపి ఇచ్చేదాన్నే, మెంతి పొడి అని. అది మెంతి కాదు."

"చేదుగా ఉండేది."

"ఆయన చెప్పినాడు, ఇంగ్లీషు మాత్ర ఆపితేనే పని చేస్తాదని. నేను ... పాపా, నా మొహం చూడు ఒకసారి."

"అమ్మా, చాలు. ఇప్పుడొద్దు."

"ఇప్పుడే చెప్పాల. ఆ పసుపు మాత్ర నేను నీకు పెట్టలేదు. అట్టలోంచి ఒక్కొక్కటి తీసి కక్కసులో వేసి నీళ్ళు కొట్టేదాన్ని. డబ్బాలో విటమిన్ మాత్ర పెట్టేదాన్ని. అదీ పసుపే, అంతే ఉంటాది. ఆడి నెల నుంచి ఇప్పటిదాకా అదే నువ్వు తినింది."

"దూది ఇంకోసారి తడుపు."

"తిట్టు. ఏమన్నా అను."

"ఏమనాల."

"మొదట్లో బాగైతివి నువ్వు. పొడి మొదలుపెట్టినాక రెండు నెలల్లో రక్తం తగ్గిపాయె. నవరాత్రికి మాడ వీధులన్నీ నడిచి బొమ్మల కొలువులు చూసొచ్చినావు నాతో. ఒక్కసారి కూడా కక్కసు యాడ ఉండాదని అడగలేదు. నేను ఇంటికి వచ్చి దేవుడి ముందర కూర్చుని ఎంతసేపు ఏడిస్తినో తెలుసా, సంతోషంతో. నా చేత్తో నేను నయం చేసినానని అనుకుంటిని."

"నాకూ గుర్తుండాది ఆ దినం."

"మళ్ళా ఎందుకు మొదలాయెనో నాకు తెలవలేదు. మాత్ర ఆపినాక కూడా జుట్టు రాలతానే ఉండె. అదీ తెలవలేదు. ఇంకా కొన్నాళ్ళు, ఇంకా కొన్నాళ్ళు అని పెడతానే వచ్చినాను. ఆ దినం నిన్ను ఆటోలో వేసుకుని ఈడికి తెచ్చినామే, ఆ పొద్దున కూడా మజ్జిగ ఇచ్చినాను నీకు."

"సగమే తాగినాను."

"సగమే తాగినావు."

"అమ్మా, లేవొద్దు. స్టూలు జరుపుకుని దగ్గర కూర్చో."

"కూర్చోను. ఇప్పుడే పోయి చెప్తాను. సాయంత్రం దాకా ఎందుకు. హైందవమ్మ నోటితోనే వినింది నేను, పట్టకపోవడం వేరే, పోకపోవడం వేరే అని. నీకు పట్టకపోవడం కాదు పాపా. నేను పోనియ్యలేదు. ఇప్పుడు సరిగ్గా పెడితే పడతాది. పేగు ఉంటాది. ఆ సంచి వద్దు నీకు. నన్ను ఏమన్నా చేసుకోనీ."

"పోవద్దు."

"ఎందుకు? నాయన ఏమంటాడోననా? అననీ."

"దానికి కాదు. ... నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"మాత్ర మారిందని. మొదటి వారమే తెలిసిపోయింది. అసలుదానికి నడుమ గీత ఉంటాది. నువ్వు పెట్టినదానికి లేదు. నాలుక మీద రుచి కూడా వేరే."

"తెలిసీ మింగినావా?"

"మింగినాను. నువ్వు చూస్తా నిలబడేదానివి గదా."

"ఎందుకు అడగలేదు నన్ను? ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేసి ఉందును. ఆపేసి ఉందును."

"అంతకుముందు నేను లేచినప్పుడల్లా నువ్వు కూడా లేచేదానివి. బకెట్టు పట్టుకుని బయట నిలబడేదానివి. నేను తలుపు తీస్తే ముందు నా మొహం చూసేదానివి, తర్వాత లోపలికి చూసేదానివి. ఆ పొడి తెచ్చినాకే నువ్వు నిద్రపోయినావు. గురక కూడా పెట్టినావు. దాన్ని చెడగొట్టేదానికి నాకు మనసు రాలేదు."

"నా నిద్ర కోసమా?"

"అదొక్కటే కాదు. నాకూ ఆశ ఉండె. ఒకవేళ ఆ పెద్దాయన పొడే పని చేస్తాదేమో, ఎవరికి తెలుసు అని. అందుకే మజ్జిగ కూడా తాగినాను."

"అయితే ఇద్దరం కలిసి చెడగొట్టుకున్నామా? సరి. పరవాలేదు. నువ్వు ఈడే ఉండు, నేను పోయి ఇద్దరి మాటా చెప్తాను. తల్లీకూతుళ్ళు తెలివి తక్కువోళ్ళు, ఒకసారికి మన్నించండి అని కాళ్ళు పట్టుకుంటాను. ఈ పొద్దు నుంచే మాత్ర మొదలుపెట్టమంటాను."

"కూర్చో అమ్మా. చెయ్యి ఇట్టియ్యి."

"టైము పోతా ఉండాది పాపా."

"నువ్వు పోయి చెప్పినా వాళ్ళు నమ్మరు."

"ఎందుకు నమ్మరు? కన్నతల్లి తానే చెప్తా ఉంటే."

"ఈడ చేర్చుకున్న దినం రక్తం తీసినారు చూడు, అది దానికే. ఆ మందు నా ఒంట్లో ఎంత ఉండాదో చూసేదానికి. నిన్న పెద్ద డాక్టరు నాతో చెప్పినాడు. ఆ కాయితం హైందవమ్మ ఇంకా చూసినట్టు లేదు."

"అది ఇంకా మంచిది గదా. లేదని వాళ్ళకే తెలిసి ఉంటాది."

"ఉండాదమ్మా."

"ఏముండాది?"

"మందు. నువ్వు పెట్టింది ఇంట్లో మింగినాను, అసలుది వేరేగా కొనుక్కుని పని చేసే అంగట్లో మింగినాను. ఒక్క దినం తప్పకుండా తింటానే ఉంటినమ్మా."